అద్దెకు శూన్యమాసం లేదు: ఖరీదైన సాఫ్ట్‌వేరు మన డీటీపీ పనివారికి గిట్టుబాటేనా?

సిరుగుప్ప నుంచి పావగడ దాకా, బాగేపల్లి నుంచి హోసూరు దాకా ఏ చిన్న పట్టణంలో బస్టాండు సందులోకి తొంగిచూసినా ఒక ఇరుకు గది, అందులో ఒకటో రెండో కంప్యూటర్లు, గోడకు వేలాడే శుభలేఖల నమూనాలు కనిపిస్తాయి. బోర్డు మీద పై వరుసలో కన్నడమో తమిళమో, దాని కింద తెలుగు, అంచున ఇంగ్లీషు. డిగ్రీ దాకా చదివి, ఉద్యోగం దొరకక, బెంగళూరు వెళ్లడానికి ఇంటి పరిస్థితులు అనుకూలించని ఎందరో సరిహద్దు యువకులకు డీటీపీ అన్న ఆ మూడక్షరాలు పాతికేళ్లుగా అన్నం పెడుతున్నాయి. ఎవరి దగ్గరా జీతానికి కుదరక, వచ్చిన పని చేసి పనికింత అని పుచ్చుకునే స్వతంత్ర వృత్తి ఇది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బములు, ఇళ్ల ప్లాన్లు, దుకాణాల లెక్కలు వీటన్నిటినీ కలిపి ఈ వ్యాసంలో డీటీపీ పని అనే అంటున్నాను. మన పల్లెల్లో అలాగే అంటారు కనుక.

ఈ ఇళ్లలో కొన్నేళ్లుగా ఒక కొత్త ప్రశ్న తలెత్తుతున్నది. "నాన్నా, ఇక క్రాక్ కాపీలతో పని జరిగేలా లేదు, అసలు సాఫ్ట్‌వేరు తీసుకోవాలి, నెల నెలా డబ్బు కట్టాలి" అని కొడుకో కూతురో అంటే, తల్లిదండ్రులకు ఏమి చెప్పాలో తోచదు. ట్రాక్టరుకు కంతులు కట్టడం వారికి తెలుసు. అయిదేళ్లకో ఏడేళ్లకో అవి తీరిపోతాయనీ, బండి మనదవుతుందనీ తెలుసు. ఎన్నేళ్లు కట్టినా మనది కాని వస్తువుకు, కట్టడం మానిన మరునాడు తెరుచుకోని వస్తువుకు, అమ్మ మెడలోని గొలుసును బ్యాంకులో పెట్టవచ్చునా? అది పెట్టుబడి అవుతుందా, ఖర్చు అవుతుందా? ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని నమ్మవద్దని నా మనవి.

కొనుగోలు వస్తువు అద్దె వస్తువుగా మారిన కథను కొంచెం చూడాలి. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్‌తో డీటీపీ అన్న మాట ప్రపంచానికి పరిచయమైంది. 1994లో ఆ సంస్థను అడోబీ కొనుగోలు చేసింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 చివరి పెద్ద సంచిక. ఆ పైన దాని అభివృద్ధి ఆగిపోయింది. అయినా మన పట్టణాలలో అది ఇంకా నడుస్తూనే ఉన్నది. దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్‌కు 2012 నాటి సీఎస్6 సంచికలో తెలుగు, కన్నడం సహా పది భారతీయ భాషల కూర్పు అధికారికంగా అబ్బింది. అమెరికాలో అప్పటి ధరలు చూడండి: ఒక్క ఫోటోషాప్ 699 డాలర్లు, అన్నీ కలిసిన మూట 2,599 డాలర్లు. ఎక్కువే. కానీ ఒకసారి కడితే ఆ సంచిక మనదే. 2013 మే నెలలో అడోబీ ఆ అమ్మకం పద్ధతికి స్వస్తి చెప్పి, ఇకపై కొత్త సంచికలన్నీ చందా మీదనే అని ప్రకటించింది. మన భాష నేర్చుకున్న ఏడాదికే ఆ సాఫ్ట్‌వేరు అద్దె ఇల్లయింది. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కూడా 2016 ఫిబ్రవరి 1 నుంచి ఆ దారే పట్టింది.

అద్దె పద్ధతిలో మంచి లేదనను. రెండున్నర వేల డాలర్లు ఒక్కసారి పోయలేని వాడు నెలకు యాభై డాలర్లు కట్టి పని మొదలుపెట్టవచ్చు. కొత్త సౌకర్యాలు వచ్చినప్పుడల్లా అందుతాయి. నెల తిరిగేసరికి జీతం వచ్చే దేశంలో, ఏడాది పొడుగునా పని ఉండే నగరంలో ఈ లెక్క సరిపోతుంది. మన డీటీపీ పని అటువంటిది కాదు. అది పంచాంగాన్ని బట్టి నడిచే పని.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, మళ్లీ కార్తీకం, మార్గశిరం ముహూర్తాలు ఉన్న నెలలలో ఆపరేటరుకు కంటి మీద కునుకుండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే శుభలేఖ అడిగే నాథుడు ఉండడు. మన తెలుగువారికీ కన్నడిగులకూ చాంద్రమానమే కనుక బళ్లారి, రాయచూరు ప్రాంతాలలో రెండు భాషల పనీ ఒకేసారి వస్తుంది, ఒకేసారి ఆగిపోతుంది. హోసూరు వైపు తమిళుల సౌరమానం వల్ల కొంచెం తేడా ఉన్నా, వారికీ ఆడి, మార్గళి నెలల్లో పెళ్లిళ్లు ఉండవు. దీనికి తోడు మౌఢ్యాలు, అధికమాసాలు. 2023లో ఆషాఢం ముగియగానే అధిక శ్రావణం వచ్చి, జూన్ మూడో వారం నుంచి ఆగస్టు నడిమి వరకు పెళ్లి పని అనేదే లేకుండా పోయింది. స్థానిక ఎన్నికలో, జాతరో, బడుల ప్రవేశాల కరపత్రాలో పడితే కొంత ఊరట. లేకపోతే గదికి తాళమే. మనిషి చేతికి శూన్యమాసం ఉన్నది గానీ, సాఫ్ట్‌వేరు అద్దెకు శూన్యమాసం లేదు.

ఇక్కడ ఒక విదేశీ వ్యాజ్యం మనకు పాఠంగా ఉపయోగపడుతుంది. 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబీ సంస్థపై అక్కడి ఫెడరల్ కోర్టులో దావా వేసింది. 'ఏడాదికి ఒప్పందం, నెల నెలా చెల్లింపు' అనే పద్ధతిలో చేరినవారు మధ్యలో మానుకుంటే, మిగిలిన నెలల సొమ్ములో సగం అపరాధంగా కట్టవలసి వస్తుందన్న సంగతిని వినియోగదారులకు స్పష్టంగా చెప్పలేదనీ, మానుకునే ప్రక్రియను కూడా కష్టతరం చేశారనీ ఆరోపణ. సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఎవరిది న్యాయమన్నది అటుంచి, 'నెల నెలా చెల్లింపు' వేరు, 'నెలసరి ఒప్పందం' వేరు అన్న ముక్క మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి దానిలో మనం పన్నెండు నెలలకు కట్టుబడతాం. రెండో దానిలో నెలకు ధర ఎక్కువైనా, ఆ నెల ముగియగానే లేచి పోవచ్చు.

లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవి. పాఠకులు తమ అంకెలు పెట్టుకోవచ్చు. ఒక సాఫ్ట్‌వేరు ఏడాది ఒప్పందం మీద నెలకు 2,000 రూపాయలనుకుందాం. సాఫ్ట్‌వేరు మీద జీఎస్టీ 18 శాతం, అంటే 360. మొత్తం 2,360. పన్నెండు నెలలకు 28,320. ఒక శుభలేఖ కూర్పులో కరెంటు, కాగితం, గది అద్దె పోను చేతికి 300 మిగులుతుందనుకుంటే, ఆ ఏడాదిలో మొదటి 95 పెళ్లిళ్ల పని సాఫ్ట్‌వేరు కంపెనీకే చేసిపెట్టినట్టు. ఏడాదికి నూట యాభై శుభలేఖలు చేసే మనిషికి ఇది మూడింట రెండు వంతుల సంపాదన. పైగా నాలుగు నెలలు వాడి, ఆషాఢం వచ్చిందని మానుకుంటే, అపరాధం సగమన్న షరతు ఉన్నచోట, మిగిలిన ఎనిమిది నెలల 18,880లో సగం, అంటే 9,440 కట్టాలి. వాడుకున్న నాలుగు నెలలకు కట్టినదీ అంతే. అదే నెలసరి ఒప్పందం ఖరీదుగా 3,000 అనుకున్నా, పన్నుతో 3,540. పని ఉన్న అయిదు నెలలకే తీసుకుంటే 17,700తో పోతుంది. ఈ అంకెల ప్రకారం ఎనిమిది నెలలకు తక్కువ పని ఉన్నవాడు నెలసరిగా తీసుకోవాలి, ఎనిమిదికి మించి పని ఉన్నవాడు ఏడాదికి తీసుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడు వేయగలిగిన ఈ లెక్కను వేయకుండానే చాలామంది సంతకం చేస్తున్నారు. సంతకమంటే ఇక్కడ ఒక మౌస్ నొక్కే కదా!

జీఎస్టీ మాట వచ్చింది కనుక ఇంకొకటి. సేవలు అందించేవారికి ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. 2017 అక్టోబరు నుంచి ఈ వెసులుబాటు రాష్ట్రం దాటి చేసే సేవలకు కూడా వర్తించింది. బళ్లారిలో కూర్చుని గుంతకల్లు ప్రెస్సుకు డిజైను పంపేవారికి ఇది మేలే. కానీ రిజిస్ట్రేషను లేనివారు తాము కట్టిన 18 శాతం పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోలేరు. బెంగళూరులోని పెద్ద డిజైను సంస్థ ఆ పన్నును తన లెక్కలో కలుపుకుంటుంది. అంటే ఒకే సాఫ్ట్‌వేరు పెద్దవాడికి చౌక, చిన్నవాడికి ప్రియం. దీన్ని గురించి మాట్లాడే వర్తక సంఘాలు మన వైపు లేవు.

అందరికీ ఒకే సలహా కుదరదు. లెక్కలు రాసేవారి విషయం తేలికగానే తేలిపోతుంది. బెంగళూరు సంస్థ తయారుచేసిన ట్యాలీ ఒక కంప్యూటరుకు శాశ్వత హక్కుతో ఇరవై వేల పైచిలుకుకు దొరుకుతుంది. అద్దెకు కావాలన్నా ఇస్తారు. వర్తకుడు, ఆడిటరు ఇద్దరూ ట్యాలీ లెక్కలే అడుగుతారు. అయిదారు దుకాణాల లెక్కలు చేతిలో ఉన్నవాడు ఆ సొమ్ము ఏడాదిలో రాబట్టుకుంటాడు. కొనవలసిందే. ఇళ్ల ప్లాన్లు గీసేవారికి ఆటోక్యాడ్ అద్దె భారమనిపిస్తే, అదే రకం ఫైళ్లను తెరిచి గీయగల బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ వంటివి శాశ్వత హక్కుతో కూడా అమ్ముడవుతున్నాయి. మున్సిపల్ కార్యాలయం అడిగేది ఫైలు రకాన్ని గానీ, దాన్ని ఏ సాఫ్ట్‌వేరుతో గీశారన్నది కాదు.

పెళ్లి ఆల్బముల వారి సంగతి వేరు. వారికి ఫోటోషాప్ నాగలి వంటిది. బజారులో దొరికే ఆల్బము నమూనాలన్నీ ఆ ఫైలు రకంలోనే ఉంటాయి. ఒక పెళ్లికి వేల ఫోటోలు, రాత్రికి రాత్రి పని. నిమిషానికి విలువ ఉన్నచోట వేగమే సొమ్ము. సీజనులో పాతిక ముప్పై ఆల్బములు చేసేవాడు అద్దె కట్టి అసలు సాఫ్ట్‌వేరే వాడుకోవడం సబబు. ఉచితంగా లభించే గింప్ 2025 మార్చిలో మూడో సంచికకు వచ్చి, అసలు ఫోటో చెడకుండా మార్పులు చేసుకునే సౌకర్యం సంపాదించుకున్నది గానీ, ఆ నమూనాలను యథాతథంగా తెరవడంలో, నాలుగు రంగుల ముద్రణకు సిద్ధం చేయడంలో ఇంకా ఇబ్బందులున్నాయి. అది లేదన్నట్టు చెప్పడం కుర్రవాళ్లను మోసగించడమే.

అసలు చిక్కు శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాల కూర్పు చేసేవారి దగ్గర ఉన్నది. సంఖ్యలో వారే ఎక్కువ, ఆదాయంలో వారే తక్కువ. ఇక్కడ ప్రశ్న సాఫ్ట్‌వేరు ధరతో ఆగదు, భాషలోకి వెళుతుంది. మన ప్రెస్సులలో తెలుగు అంటే అను ఫాంట్లు, లేదా శ్రీలిపి. కన్నడానికి నుడి, బరహ. పేజ్‌మేకర్‌కు యూనికోడు తెలియదు కనుక, పాత ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు, కన్నడ అక్షరాల ముక్కలను పెట్టి పని గడిపాయి. ఆ కాలానికి అది గొప్ప ఉపాయమే. కాని ఫాంటు మారితే చాలు, 'చి.ల.సౌ.' కాస్తా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపవుతుంది. ఒకే శుభలేఖలో వరుడి వైపు కన్నడం, వధువు వైపు తెలుగు ఉండటం మనకు మామూలు. అటువంటి పేజీలో రెండు రకాల ఫాంట్లు, రెండు రకాల కీబోర్డులు, ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడటం ఆపరేటర్లకు నిత్యం అనుభవమే.

యూనికోడులో తెలుగు, కన్నడం పక్కపక్క ఇళ్లు. తెలుగు గడులు ముగిసిన చోటనే కన్నడ గడులు మొదలవుతాయి. ఒకే కీబోర్డు అలవాటుతో రెండు భాషలూ కొట్టవచ్చు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే తెలుగుకు గౌతమి, కన్నడానికి తుంగ అన్న ఫాంట్లు చేరాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు ఏళ్ల తరబడి ఉచితంగా అందుతున్నాయి. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, మల్లన్న వంటి అందమైన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్ల కొట్టులో పైసా లేకుండా దొరుకుతాయి, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. ఉచిత పేజీ కూర్పు సాఫ్ట్‌వేరు స్క్రైబస్‌కు చాలాకాలం మన లిపులు సరిగా కూర్చడం రాలేదు. 2017లో వచ్చిన 1.5.3 సంచికలో ఆ లోటు తీరింది, 2024 జనవరిలో 1.6 స్థిర సంచిక వచ్చింది. బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, రాతపనికి లిబ్రేఆఫీస్ ఉన్నాయి. శుభలేఖ, కరపత్రం, బిల్లు పుస్తకం, చిన్న పుస్తకం ఇవన్నీ ఈ ఉచిత సాఫ్ట్‌వేర్లతో చేయవచ్చు.

అయితే ప్రతిదాన్నీ పరీక్షించుకోవాలి. అఫినిటీ అనే ప్రసిద్ధ డిజైను సాఫ్ట్‌వేరును 2024లో కాన్వా సంస్థ కొనుగోలు చేసి, 2025 అక్టోబరులో ఉచితం చేసిందనగానే మన కుర్రవాళ్లు ఉత్సాహపడ్డారు. ఉచితమా కాదా అన్నదాని కన్నా ముందు అడగవలసినది మన అక్షరాలు వచ్చునా అని. ఏ కొత్త సాఫ్ట్‌వేరు తీసుకున్నా ముందుగా 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం', 'జ్ఞాన' అని కొట్టి, పీడీఎఫ్‌గా మార్చి, అచ్చు తీసి చూడండి. కన్నడంలో 'ధర్మ', 'కర్ణాటక' కొట్టి అర్కావత్తు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. పాత తెలుగు అచ్చులో వలపలగిలక అని మనకూ ఉండిన గుర్తే అది. మనం వదిలేశాం, కన్నడిగులు నిలుపుకున్నారు. దాన్ని తప్పుచోట పెట్టి అచ్చువేసిన శుభలేఖను కన్నడ వియ్యంకుడి చేతిలో పెడితే ఆ ఆపరేటరు దగ్గరకు మళ్లీ ఎవరూ రారు.

మరి అందరూ యూనికోడుకు ఎందుకు మారరు? ప్రెస్సు వారు "అనులోనే పంపు" అంటారు కనుక. ప్లేటు తీసే చోట పాత కంప్యూటరు, పాత పేజ్‌మేకరు, పాత ఆపరేటరు. ఒక్కడే మారితే పని ఆగుతుంది. కానీ పీడీఎఫ్‌లో ఫాంట్లను పొదిగి పంపితే, లేదా అక్షరాలను గీతలుగా మార్చి పంపితే, ఏ సాఫ్ట్‌వేరుతో చేశారన్నది ప్రెస్సుకు అక్కరలేదు. ఫ్లెక్సీ యంత్రం వారికైతే బొమ్మ ఫైలు చాలు. నేను గమనించినంతలో, పీడీఎఫ్ తీసుకోమని ఒప్పించుకున్న ఆపరేటర్లు ఇటు సాఫ్ట్‌వేరు అద్దె నుంచీ, అటు పాత ఫాంట్ల బాధ నుంచీ ఒకే దెబ్బతో బయటపడ్డారు. ఒప్పించడానికి రెండు మూడు సార్లు ప్రెస్సుకు స్వయంగా వెళ్లి ప్రూఫు తీయించుకోవలసి వచ్చింది. అంతే ఖర్చు.

ఇక క్రాక్ కాపీలు. మన వైపు డీటీపీ గదులు చాలావరకు వాటి మీదే నడిచాయన్నది బహిరంగ రహస్యం. బీదవాడికి వేరే దారేదని అడిగేవారి బాధ నాకు తెలియనిది కాదు. అయినా చట్టం ఏమంటుందో ఇంట్లో పెద్దలకు తెలియాలి. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 63బీ సెక్షను ప్రకారం, తెలిసి తెలిసి దొంగ కాపీ కంప్యూటరు ప్రోగ్రామును వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా ఉంటాయి. లాభం కోసమో వ్యాపారంలోనో వాడలేదని తేలితే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలు న్యాయస్థానానికి ఉన్నది. డీటీపీ గది వ్యాపారమే కనుక ఆ వెసులుబాటు మనకు అందదు. క్రాక్ ఫైలుతో పాటు వచ్చే వైరసు ఒక్క రాత్రిలో పదేళ్ల ఫైళ్లకు తాళం వేసి, తాళపుచెవికి డబ్బడిగిన సంఘటనలు లోకంలో కొల్లలు. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు ఆగిపోయాయి. పాత యంత్రం మీద దొంగ సాఫ్ట్‌వేరు పెట్టుకుని, అందులోనే జనం ఆధార్ కాపీలు, ఫోటోలు దాచుకునే గదులు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

సాఫ్ట్‌వేరు కంపెనీలు అంత అమాయకమైనవేమీ కావు. దొంగ కాపీల మీద చేయి తిరిగిన తరం వల్లనే ఆ సాఫ్ట్‌వేరు పేరే వృత్తికి పేరయింది. శిక్షణ కేంద్రాలు ఈనాటికీ పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్ అని మూడు పేర్లు బోర్డు మీద రాసి ఫీజు వసూలు చేస్తున్నాయి. మూడు నెలలు నేర్పి, బయటికి వెళ్లి ఏ హక్కుతో వాడుకోవాలో చెప్పరు. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు పాఠాలు చెబుతున్నాయి. అక్కడి పిల్లవాడు గింప్, ఇంక్‌స్కేప్‌లను బడిలోనే చూసి వస్తాడు. మన సరిహద్దు బడులలో, తెలుగు మాధ్యమమైనా కన్నడ మాధ్యమమైనా, కంప్యూటరు గదికి తాళం తీయడమే పండుగ. ఉపాధ్యాయుడిగా ఈ మాట రాయడానికి సంతోషంగా లేదు.

ఇంతకూ డీటీపీ మనిషి అమ్ముకునేది ఏమిటి? సాఫ్ట్‌వేరు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్నది, మనకంటె మంచి యంత్రాలూ ఉన్నాయి. అక్కడ అరుదైనది రెండు భాషలూ తప్పు లేకుండా రాయగల చేయి. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారితో సహా తక్కిన తాలూకాలు మైసూరుకు పోయినప్పుడు గీత మ్యాపు మీద పడింది గానీ, పెళ్లి సంబంధాల మీద, సంతల మీద పడలేదు. ఆ గీతకు రెండు పక్కలా చెల్లే శుభలేఖ రాయగలవాడు ఈ గీత మీద పుట్టినవాడే. 2024లో కర్ణాటక ప్రభుత్వం చట్టాన్ని సవరించి, వ్యాపార నామఫలకాలలో అరవై శాతం కన్నడం ఉండాలన్నది. దానితో బోర్డులు మార్చే పని ఒక్కసారిగా వచ్చిపడింది. బళ్లారి జీన్సు తయారీదారుకు కన్నడంలో బోర్డు, ఇంగ్లీషులో లేబులు, ఆంధ్ర వ్యాపారులకు తెలుగులో కరపత్రం కావాలి. మూడింటినీ ఒకచోట చేసిపెట్టేవాడు మనవాడే.

కానీ ఆ నైపుణ్యానికి మనవాళ్లు విడిగా ధర కట్టరు. "పేజీకింత" అని కూర్పుకు తీసుకుంటారు, అనువాదం, అక్షరదోషాలు దిద్దడం ఊరికే చేసిపెడతారు. అదే మనిషి సాఫ్ట్‌వేరుకు నెలకు రెండు వేలు కట్టడానికి సిద్ధపడతాడు! నా అభిప్రాయంలో ముందు మారవలసినది ఈ లెక్క. బిల్లులో కూర్పు ఒక వరుస, అనువాదం ఒక వరుస, ప్రూఫు దిద్దుబాటు ఒక వరుసగా రాయాలి. మొదట బేరగాడు ముఖం చిట్లిస్తాడు. అచ్చులో పెద్దల పేరు తప్పుపడితే అయ్యే ఖర్చు తెలిసినవాడు మాత్రం ఇస్తాడు. అలా విడిగా వచ్చే ఆదాయం ఏడాదికి సాఫ్ట్‌వేరు అద్దెను దాటిన రోజున ఖరీదైన సాఫ్ట్‌వేరు గురించి ఆలోచించవచ్చు. కొలత అడిగితే నాది ఇది: ఏడాది అద్దె, ఒక మంచి నెలలో చేతికి మిగిలే సొమ్మును మించకూడదు. మించితే అప్పు చేసి కట్టవద్దు, ముఖ్యంగా బంగారం పెట్టి కట్టవద్దు.

నలుగురు కలిసి ఒక లైసెన్సు తీసుకుని పంచుకుందామని కొందరు అడుగుతున్నారు. ఈ అద్దె ఒప్పందాలు సాధారణంగా ఒక మనిషి పేరు మీద ఉంటాయి. సంకేతపదం నలుగురు పంచుకోవడం షరతులకు విరుద్ధం. దాని బదులు ఊరికి ఒకరు అసలు సాఫ్ట్‌వేరు పెట్టుకుని, మిగిలినవారు ఉచిత సాఫ్ట్‌వేరుతో చేసిన పనిలో నాలుగు రంగుల తుది మెరుగులు మాత్రం కూలికి అతని చేత చేయించుకోవచ్చు. పూర్వం ప్రెస్సులు లేని ఊళ్లవారు ప్లేట్లు పట్నంలో తీయించుకున్నట్టే ఇదీ.

డబ్బు లెక్కలో పడని నష్టం ఒకటున్నది. ఈ పాతికేళ్లలో సరిహద్దు తెలుగువారు అచ్చువేసుకున్నవి శుభలేఖలే కాదు. తెలుగు సంఘాల వార్షిక సంచికలు, గ్రామ దేవతల చరిత్రలు, వీధి నాటకాల పుస్తకాలు, బడుల ప్రత్యేక సంచికలు, ఊరి కవుల శతకాలు చాలావరకు పేజ్‌మేకర్ ఫైళ్లలో, అను అక్షరాలలో, సీడీల మీద ఉన్నాయి. పుస్తకాలు రెండు మూడు వందల ప్రతులు వేస్తే చెదలు పట్టగా మిగిలినవి ఎన్నో! ఇప్పటి ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవదు. ఎంత అద్దె కట్టినా తెరవదు. ఆపరేటరు గది మూసేసి వేరే పనికి వెళ్లినప్పుడు ఆ కంప్యూటరు పాత సామాను వాడి తక్కెడలోకి పోతుంది.

ఆ ఫైళ్లను బయటికి తీయడం కష్టమైన విద్య కాదు. పాత యంత్రంలో ఫైలు తెరిచి, ముందు పీడీఎఫ్‌గా ఒక ప్రతి దాచాలి. తరువాత పాఠాన్ని నకలు చేసి, అను నుంచి యూనికోడుకు మార్చే ఉచిత పరివర్తకాలలో వేయాలి. మారిన పాఠంలో వత్తులు, సున్నలు, రకారాలు అక్కడక్కడా చెదురుతాయి. పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని మనిషి కన్నుతో దిద్దాలి. నూరు పేజీల పుస్తకానికి నాలుగైదు రోజుల పని. తెలుగు సంఘాల వారు ఆ రోజులకు కూలి ఇస్తే, పెళ్లి పని లేని ఆషాఢంలో ఆపరేటరుకు ఆదాయం దొరుకుతుంది, పుస్తకమూ దక్కుతుంది. ఈ పనికి కావలసినది పేజ్‌మేకర్ ఇంకా నడుస్తున్న ఒక పాత కంప్యూటరు, సీడీ చదవగలిగే డ్రైవు ఒకటి. అవి రెండూ మన పట్టణాలలో ఇంకా కొన్ని గదులలో ఉన్నాయి.